ఏం పనిమీద?

మా మామిడిపల్లిలో విమానం చూడని పసిపిల్ల లేదు. విమానం ఎక్కిన ముసలమ్మల్ని మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆ ఎక్కినవాళ్ళయినా హజ్‌కో ఉమ్రాకో పోయినవాళ్ళు, లేదంటే జెడ్డాలో కోడలు పురుడు పోసుకుంటుంటే పోయినవాళ్ళు. ఊరికే చూసి వద్దామని పోయిన మనిషి ఒక్కరూ లేరు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం నడవడం మొదలైంది. అప్పటినుంచీ లోకమంతా మా ఇంటి కప్పు మీదుగా పోతోంది, వస్తోంది. మా ఊరి కుర్రాళ్ళు అక్కడే బతుకుతున్నారు. ట్రాలీలు తోస్తారు, సామాన్లు ఎత్తుతారు, క్యాబులు నడుపుతారు, బాత్‌రూములు కడుగుతారు. పక్కనే పహాడీ షరీఫ్ గుట్ట, దానిమీద బాబా షర్ఫుద్దీన్ దర్గా. ఆ దర్గా వక్ఫ్ భూముల మీద ఏళ్ళ తరబడి నడిచిన తగాదా మా ఊరి సర్వే నంబర్లలోదే. అది వేరే వ్యాసం, ఎప్పుడో రాస్తాను. ఇప్పుడు రాసేది ప్రయాణం గురించి.

మా భాయిజాన్ కొడుకు టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. 2024 డిసెంబర్ సెలవుల్లో అందర్నీ తన ఖర్చుతో కరీబియన్ సముద్రంలో తిరిగే పెద్ద ఓడ ఎక్కిస్తానన్నాడు. వాడి అమ్మా అబ్బా, నేనూ నా భార్యా, మా అమ్మాయి, వాడూ వాడి భార్యా, ఇద్దరు పిల్లలూ, వెరసి తొమ్మిది మందిమి. దాదీకి కూడా టికెట్ తీస్తానన్నాడు. అమ్మీ మంచం మీద కూర్చొని తస్బీ తిప్పుతూ అంతా విన్నది. విన్నాక ఒకటే అడిగింది. "క్యా కామ్ హై రే ఉధర్?"

అక్కడ మీకేం పని అని. ఎవరి దగ్గరా జవాబు లేదు. "ఊరికే దాదీ, చూడ్డానికి" అన్నాడు వాడు ఫోన్‌లోంచి. "ఊరికేనా?" అంది అమ్మీ. కోపంగా అనలేదు. ఆ మాట ఆమెకు నిజంగానే అర్థం కాలేదు.

అమ్మీకి ఓడ అంటే ఒకటే ఓడ. మా అబ్బా ఉర్దూ మీడియం బడిలో టీచరు. ఇనుప బీరువా తలుపు లోపలివైపు ఉర్దూ పత్రికలోంచి కత్తిరించిన ఒక ఓడ బొమ్మ అంటించుకున్నాడు. బొంబాయి నుంచి జెడ్డాకు హాజీలను తీసుకుపోయిన 'అక్బరీ' అది. ఆ కాలంలో హజ్‌కు పోవడమంటే నాంపల్లిలో రైలెక్కడం, బొంబాయి ముసాఫిర్‌ఖానాలో పడిగాపులు పడడం, వారం పైన సముద్రం మీద ఉండడం, వచ్చేటప్పుడు జమ్‌జమ్ నీళ్ళ డబ్బా, అజ్వా ఖర్జూరాలు తేవడం. అబ్బాకు విమానం మీద మోజు లేదు. "ఓడలో పోతే మనిషి మెల్లగా దగ్గరవుతాడు" అనేవాడు. జీతంలోంచి నెలనెలా కొంత తీసి పెట్టాడు. 1995లో హజ్ ఓడలు ఆగిపోయాయి. సరే, విమానానికే దరఖాస్తు పెడదామనుకునే లోపల మా ఆపా పెళ్ళి కుదిరింది. ఆ డబ్బు అటు పోయింది. 2003లో అబ్బా పోయాడు. బీరువా ఇంకా ఉంది. బొమ్మ రంగు వెలిసి, తుప్పు మరకల్లో కలిసిపోయింది. ఎక్కడ ఓడ, ఎక్కడ తుప్పు అన్నది మాకే తెలియాలి.

అందుకే మా ఇంట్లో ఓడ మాట అంటే అబ్బా మాట. మేం ఎక్కబోతున్నది ఆయన ఎక్కని ఓడ.

షరియత్‌లో విహారయాత్రకు అనుమతి ఉందా లేదా అని నేను అడగడం లేదు. ఉంది. భూమి మీద తిరిగి చూడమనే చెప్పింది మా దీన్. నా ప్రశ్న వేరు. మా వాళ్ళకు 'ఊరికే' పోవడం ఎందుకు రాలేదు? లెక్క తీస్తే మా ఖాందాన్‌లో మూడు తరాల ప్రయాణాలన్నీ పని ప్రయాణాలే. హజ్, దుబాయి, ఉర్సు, పెళ్ళి, మయ్యత్, ఉస్మానియా ఆసుపత్రి, కోర్టు వాయిదా. ఇది ముస్లింల ఒక్కరి సంగతే అనను. మా పక్కింటి మల్లమ్మ పెద్దమ్మ కూడా యాదగిరిగుట్ట, వేములవాడ దాటి పోయింది లేదు. అది పేదరికం సంగతి. అయితే మల్లమ్మ పెద్దమ్మ కొడుకు చేతిలో నాలుగు డబ్బులు ఆడి గోవా పోతే ఎందుకు పోయావని ఊళ్ళో ఎవరూ అడగరు. మా వాళ్ళ విషయంలో అడుగుతారు. ఇంట్లో అమ్మీ అడుగుతుంది, బయట సర్కారు అడుగుతుంది. అమ్మీకి జవాబు చెప్పలేకపోతే తల వంచుకుంటాం. సర్కారుకు చెప్పలేకపోతే కుర్చీలో కూర్చోబెడతారు.

హజ్ ప్రయాణాన్నే తీసుకోండి. దానికంటే పని ఉన్న ప్రయాణం మాకు లేదు. అయినా దాన్నీ లెక్కలోకి లాగారు. సబ్సిడీ, సబ్సిడీ అని ఎన్నేళ్ళు దెప్పారు! నేను పనిచేసిన ఒక పత్రికలో సబ్ ఎడిటర్ మిత్రుడు, మంచివాడే, లౌకికవాదే, టీ తాగుతూ "మా టాక్సు డబ్బులతో మీ పుణ్యం" అనేవాడు. ఆ డబ్బు హాజీ చేతికి వచ్చేది కాదు, విమాన సంస్థకు పోయేది. చాలామంది ముస్లింలే దాన్ని ఎత్తేయమన్నారు. 2012లో సుప్రీంకోర్టు పదేళ్ళలో తీసేయమన్నది, 2018 జనవరిలో కేంద్రం తీసేసింది. దెప్పడం మాత్రం ఆగలేదు, వేరే సాకు దొరికింది. పుణ్యానికి పోయినా సంజాయిషీ చెప్పాల్సి వస్తే ఇక సరదాకు పోయేవాడి గతి ఏమిటి?

గతి ఏమిటో 2021లో దేశమంతా చూసింది. అక్టోబర్ 2 రాత్రి బొంబాయి తీరంలో ఒక విహార నౌక మీద నార్కోటిక్స్ అధికారుల దాడి. మర్నాడు షారుఖ్ ఖాన్ కొడుకు ఆర్యన్ అరెస్టు. ఆ నెలాఖరుదాకా కుర్రాడు లోపలే. 2022 మే నెలలో ఛార్జిషీటు వేసేనాటికి అతని మీద సాక్ష్యం లేదని ఆ శాఖే పేరు పక్కన పెట్టింది. తండ్రి కోటీశ్వరుడు, దేశమంతా తెలిసిన ముఖం. మా భాభీకి ఆ సంగతి ఇంకా గుర్తుంది. ఓడ అనగానే "వద్దు, మనకెందుకు" అన్నది ఆమే. ఖాన్‌గారి అబ్బాయికి ఆ నెలలో ఎవరెవరు ఎన్ని మాటలన్నారో మా ఇళ్ళలో ప్రతి తల్లికీ కంఠతా వచ్చు. విచిత్రమేమిటంటే ఆ 'ఎంప్రెస్' ఓడే 2022 జూన్‌లో విశాఖపట్నం వచ్చింది. వాటంగా ఫొటోలు దిగి, తెలుగు కుటుంబాలు టికెట్లు కొని ఎక్కాయి. 1990లో కట్టిన ఆ ఓడ అంతకుముందు చాలా ఏళ్ళు అమెరికా వాళ్ళను కరీబియన్ సముద్రంలో తిప్పినదే. వాళ్ళకు పాతదై మనకు కొత్తదైంది.

పోయాం. దారిలో ఒక విమానాశ్రయంలో భాయిజాన్‌ను పక్కకు పిలిచారు. ఆయన పేరు లాంటి పేరు ఇంకెవరిదో ఉందట. మొహమ్మద్ అనే పేరు ఇంకెవరికీ లేకపోతే కదా ఆశ్చర్యపోవాలి. రెండు గంటలు కూర్చోబెట్టారు. అధికారి మర్యాదగానే అడిగాడట, వచ్చిన పనేమిటని. "హాలిడే" అన్నాడట భాయిజాన్. ఇంకోసారి అడిగాడట. ఇంకోసారి "హాలిడే" అన్నాడట. మూడోసారి అడిగేసరికి తనకే అనుమానం వచ్చిందట, నేను నిజంగా అందుకే వచ్చానా అని. బయటికి వచ్చాక నవ్వుతూ చెప్పాడు. "అమ్మీనే ఆ కుర్చీలో కూర్చున్నట్టుంది రా."

ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ రేవులో ఓడ ఎక్కాం. ఓడ అంటే అది ఓడలా లేదు. మా ఊరు ఊరంతా ఎక్కినా ఇంకా చోటు మిగులుతుంది. అంతస్తుల మీద అంతస్తులు, ఈత కొలనులు, సినిమా హాలు, జూదశాల, ఎప్పుడు పోయినా వేడిగా ఉండే తిండి. మొదటి రెండు రోజులు మా వాళ్ళకు తిండి దగ్గరే సరిపోయింది. ఇందులో పంది ఉందా, అందులో సారా పోశారా అని అడిగి అడిగి చివరికి పండ్లు, చేపలు, బ్రెడ్డు, కోడిగుడ్లకు వచ్చి ఆగాం. బల్ల దగ్గర వడ్డించే కుర్రాడు జావా ద్వీపం వాడు. భాభీ తలమీది ఓఢ్నీ చూసి మెల్లగా సలాం చేశాడు. అప్పటినుంచి ఏది తినొచ్చో ఏది తినకూడదో కళ్ళతోనే చెప్పేవాడు. ఎనిమిది నెలల ఒప్పందం మీద వచ్చాడట. బిడ్డ పుట్టినప్పుడు సముద్రం మీదే ఉన్నాడట, ఫోన్‌లోనే ఆ పసిదాని చెవిలో అజాన్ చెప్పాడట. మా ఊరి కుర్రాళ్ళు గుర్తొచ్చారు. ట్రాలీ తోసేవాడు విమానం ఎక్కడు, వడ్డించేవాడు డెక్ మీద కూర్చోడు. మా 'ఊరికే' అతని పనిమీద నిలబడి ఉంది. అతనికి నేనేం చేశాను? దిగేటప్పుడు కొంత డబ్బు చేతిలో పెట్టాను, అంతే.

భాయిజాన్‌కు ఇంకో ఇబ్బంది వచ్చింది. మా దగ్గర ఖిబ్లా పడమర. ఊహ తెలిసిన నాటినుంచీ పడమటికి తిరిగి నమాజ్ చదివిన మనిషి. ఆ సముద్రంలో తూర్పు వైపుకు తిరగాలి. అదీ నిలకడగా ఉండదు, ఓడ మళ్ళినప్పుడల్లా గదిలో దిక్కు మారుతుంది. పొద్దున కిటికీ వైపు చదివితే రాత్రి బాత్‌రూం తలుపు వైపు చదవాల్సి వచ్చింది. ఫోన్‌లో దిక్సూచి పెట్టుకొని అబ్బా జానిమాజ్‌ను గదిలో నలుమూలలా తిప్పాడు. నేను వాడిలా అయిదు పూటలూ చదివేవాణ్ణి కాను. చూస్తూ కూర్చున్నాను. నవ్వొచ్చింది, కళ్ళు కూడా చెమ్మగిల్లాయి.

భాభీ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అన్యాయం అవుతుంది. ముప్ఫయి ఏడేళ్ళుగా ఆ ఇంట్లో పొయ్యి ముందు ఆమే. ఈదుకు మేమంతా కొత్త బట్టలు కట్టుకొని గలే మిలుకుంటుంటే ఆమె షీర్‌ఖుర్మా గిన్నె ముందు చెమట తుడుచుకుంటూ ఉండేది. దావత్ అంటే మాకు తిండి, ఆమెకు పని. నాలుగోరోజు సాయంత్రం డెక్ మీద ఒక కుర్చీలో కాళ్ళు చాపుకొని కూర్చుని ఐస్‌క్రీమ్ తింటోంది. ఎవరూ పిలవడం లేదు. ఏదీ మాడడం లేదు. గంట సేపు అలాగే సముద్రం చూసింది. నేను పలకరిస్తే ఉలిక్కిపడి లేవబోయింది, ఏమన్నా కావాలా అని. ఏమీ వద్దని చెప్పాను. మళ్ళీ కూర్చుంది.

ఆమెను అడగండి, ఏం పనిమీద వచ్చావని. నేనడగలేను. ఆ గంట కోసం తొమ్మిది మందిమీ సముద్రాలు దాటి వచ్చినా దండగ కాదనిపించింది నాకు. లోకంలో అన్ని కులాల, అన్ని మతాల కలవాళ్ళు సెలవు అనే మాటను హక్కులా వాడుకుంటున్నారు. మనం మాత్రం హక్కుల జాబితా రాసేటప్పుడు చదువు, ఉద్యోగం, రిజర్వేషన్, భద్రత అని రాసి ఆపేస్తాం. అవి కావాలి, ముందు అవే కావాలి. కానీ ఊరికే కూర్చునే గంట కూడా మనిషికి కావాలి. అది అడగడానికి సిగ్గుపడుతున్నామంటే మనల్ని పనికొచ్చే మనుషులుగా మాత్రమే చూసేవాళ్ళ చూపు మనలోకి కూడా వచ్చేసిందని అర్థం.

ఇంతవరకూ నా వాదం బాగానే ఉంది. రాత్రి భాయిజాన్ దాన్ని ఒక్క మాటతో పడగొట్టాడు. నిద్రపట్టక ఇద్దరం పైన తిరుగుతున్నాం. "ఈ ఖర్చుతో అమ్మీని హజ్‌కు పంపొచ్చు. అబ్బా పేరుమీద హజ్జె బదల్ కూడా చేయించొచ్చు" అన్నాడు. లెక్క వేసి చూశాను. నిజమే, ఇంకా మిగిలేది కూడా.

దీనికి మౌల్వీ సాబ్‌ను అడిగితే బయటపడే దారి చూపిస్తాడు. హజ్ స్తోమత ఉన్నవాడి మీద ఫర్జ్, ఈ డబ్బు మనవడిది, దాదీని పంపడం మనవడి మీద ఫర్జ్ కాదు. వాడు దాదీకి టికెట్ తీస్తానన్నాడు కూడా, ఆమే రానంది. అన్నీ సరైన మాటలే. కానీ మా వాడు 'ఓడ ఎక్కిస్తాను' అన్నప్పుడు 'బేటా, ముందు దాదీని హజ్‌కు పంపుదాం' అనడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు. పిల్లవాడి సంతోషం పాడుచేయడమెందుకని అనుకున్నామని ఒకరికొకరు చెప్పుకున్నాం. అది సగం నిజం. మాకూ ఓడ ఎక్కాలని ఉంది, అది మిగతా సగం. అబ్బా ఎక్కని ఓడ ఎక్కాలనే కోరిక కూడా అందులో ఉందేమో. సరదా హక్కు అని ఇందాక నేను రాసిన వాక్యాన్ని కొట్టేయను. దాని పక్కన ఈ వాక్యాన్ని కూడా ఉండనిస్తాను. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి.

ఆ తర్వాత ఓడ ట్రినిడాడ్ దీవిలో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ రేవుకు చేరింది. నేను చూడాలనుకున్నది ఈ ఊరే. ఎందుకంటే మా కంటే ముందు మన దేశం నుంచి ఆ సముద్రానికి పోయినవాళ్ళున్నారు. వాళ్ళను ఏం పనిమీద అని ఎవరూ అడగలేదు, పని రాసిన కాగితం మీదే వేలిముద్ర వేయించి ఎక్కించారు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చింది. 1845 ఫిబ్రవరిలో కలకత్తా నుంచి బయల్దేరిన ఓడ మే 30న ట్రినిడాడ్ చేరింది. మూడు నెలల పైన పట్టింది, మాకు విమానంలో రెండు రోజులు. ఆ ఓడ పేరు ఫతెల్ రజాక్. అరబ్బీలో ఫత్‌హుర్ రజాక్, తిండి పెట్టేవాడి విజయం. కూలీల ఓడకు ఆ పేరు! 1917 దాకా అలా లక్షా నలభై వేల మందికి పైగా ఆ ఒక్క దీవికే పోయారు. ఎక్కువమంది భోజ్‌పురీ, అవధీ వాళ్ళు. మద్రాసు రేవు నుంచి పోయిన ఓడల్లో తమిళులతోపాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ అందరినీ కలిపి మద్రాసీలన్నారు. వాళ్ళలో హిందువులూ ముస్లింలూ ఉన్నారు. పడమటికి తిరిగి నమాజ్ చదివిన ముస్లింలు అక్కడ దిగి తూర్పుకు తిరగడం నేర్చుకున్నారు. మా భాయిజాన్ దగ్గర ఫోన్ ఉంది. వాళ్ళు ఎలా తెలుసుకున్నారో.

సెయింట్ జేమ్స్ అనే పేటకు టాక్సీలో పోయాం. వీధుల పేర్లు చూస్తే కలకత్తా, ఢిల్లీ, బొంబాయి, లక్నో, మద్రాస్. మద్రాస్ వీధి పలక కింద మా అమ్మాయి ఫొటో దిగింది. టాక్సీ నడిపే పెద్దాయన పేరులో మొహమ్మద్ ఉంది, ఉర్దూ ఒక్క ముక్క రాదు. నేను హైదరాబాద్ అనగానే ఆయనకు తట్టింది ఒకటే. "మీ దగ్గర హోసే ఉందా?"

హోసే అంటే హుసేన్. మొహర్రం. కాగితమూ వెదురూ రంగులూ కలిపి తాజియాలు కడతారు. తాసా డప్పులు వాయిస్తారు. ఎరుపు చంద్రవంక హుసేన్ పేర, ఆకుపచ్చ చంద్రవంక హసన్ పేర కట్టి, మగవాళ్ళు భుజాన ఎత్తుకొని ఆడతారు. చివర్న తాజియాలను సముద్రంలో కలుపుతారు. డప్పు కొట్టేవాళ్ళలో హిందువులున్నారు, క్రైస్తవులున్నారు, ఆఫ్రికా జాతివాళ్ళున్నారు. వింటుంటే నాకు పీర్ల పండగ కళ్ళముందు కదిలింది. మా ఊళ్ళో కూడా పీర్లను ఎత్తేవాడు ముస్లిమే కానక్కర్లేదు. మల్లమ్మ పెద్దమ్మ మొగుడే ఎత్తేవాడు, ఆమె ఊదు వేసి మలీదా పంచేది. మా మౌల్వీ సాబ్‌లకు ఇది నచ్చదు, ట్రినిడాడ్‌లోనూ నచ్చనివాళ్ళున్నారట. ఆ వాదనలోకి నేను పోను.

నేను ముందే చదివిన ఒక సంగతి ఆ పెద్దాయనను అడిగాను. ఆయన రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా తల ఊపాడు. 1884లో తెల్ల సర్కారు హోసే ఊరేగింపులు పట్టణాల్లోకి రాకూడదని కట్టడి చేసింది. తోటల్లోనే చేసుకోండి, ఊళ్ళోకి రావద్దన్నది. కూలీలు అర్జీ పెట్టుకున్నారు, ఎవరూ వినలేదు. అక్టోబర్ 30న తాజియాలతో శాన్ ఫెర్నాండో పట్టణం వైపు నడిచారు. పోలీసులు కాల్చారు. ఇరవై మంది దాకా చచ్చిపోయారు, గాయపడ్డవాళ్ళు వంద దాటారు. హుసేన్ పేర నడిచినవాళ్ళలో హిందువులు ఎంతోమంది. తూటా మతం అడగలేదు.

నేను దీన్ని అమరుల కథగా రాయడం లేదు. ఒక్క సంగతి మాత్రం నన్ను పట్టుకుంది. చెరకు నరకడానికి వాళ్ళు ఎంత దూరం నడిచినా ఎవరికీ అభ్యంతరం లేదు. తోట నుంచి ఫ్యాక్టరీకి నడవొచ్చు. పని లేని నడక, తమ కోసం తాము నడిచే నడక మొదలెట్టగానే అది నేరమైంది. ఏం పనిమీద వస్తున్నారు మీరు ఊళ్ళోకి? ఆ ప్రశ్న వెనక తుపాకి ఉంది. కుర్చీలో రెండు గంటలు కూర్చోబెట్టిన ప్రశ్నా అదే జాతిది. అమ్మీ అడిగింది కూడా ఇదే ప్రశ్న అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదు. అమ్మీ అడిగినప్పుడు నేను చెప్పే జవాబు కోసం ఎదురుచూస్తుంది. వాళ్ళకు జవాబు ముందే తెలుసు.

జనవరి మొదటి వారంలో ఇల్లు చేరాం. అమ్మీకి చాక్లెట్లు, స్వెట్టర్ తెచ్చాం. భాయిజాన్ వచ్చిన మర్నాడే బీరువాలోంచి అబ్బా పాత కాగితాలూ అమ్మీ పాస్‌పోర్టు కాగితాలూ తీసి కూర్చున్నాడు, హజ్ దరఖాస్తు సంగతి కనుక్కుంటానని. అమ్మీ అవుననలేదు, వద్దనలేదు. మోకాళ్ళు చూపించింది.

సాయంత్రం ఫోన్‌లో ఫొటోలన్నీ చూపించాను. తిండి బల్లలు చూసి పెదవి విరిచింది. భాభీ ఐస్‌క్రీమ్ తింటున్న ఫొటో దగ్గర ఆగి, పెద్దది చెయ్యమని, చాలాసేపు చూసింది. హోసే సంగతి చెప్పాను.

"మన పీర్లు బావి దాకే పోతాయి. వాళ్ళవి సముద్రం దాకా పోతాయా?" అంది.

అవునన్నాను. పైన విమానం పోతుంటే ఆ చప్పుడు తగ్గేదాకా ఆగింది. తర్వాత ఓడ ఫొటో మళ్ళీ చూపించమంది.

"ఇంత పెద్దది కదా, ఊగుతుందా? మీ అబ్బాకు బస్సులోనే కళ్ళు తిరిగేవి. ఇందులో అయితే నిలబడి చదివేవాడా నమాజ్?"

కొంచెం ఊగుతుందన్నాను. పట్టుకోవడానికి కమ్మీలు ఉన్నాయన్నాను.